జీపు కొనుటకు ముందు

మోటారుబండి కొనువేళ రంగు మాత్రము మనల నడిగి, తక్కిన లెక్కలన్నియు మగవారే చూచుకొనుట మన యిండ్లలో వాడుక. అయినను వెల చెల్లునది సంసారపు సొమ్మునుండియే; ముదుసలి యత్తగారిని చేయి పట్టి యెక్కించునదియు మనమే.

సిద్దిపేట జిల్లాలోని వర్గల్‌నే తీసికొందము. గౌరారమువద్ద రాజీవ్ రహదారి విడిచి తారురోడ్డున ఆ యూరు చేరవచ్చును. గుట్టమీది విద్యాసరస్వతీదేవి సన్నిధికి అక్షరాభ్యాసమునకై బిడ్డలను గొనిపోవుటకు సామాన్యమైన కారు చాలును. వానకు నానిన పొలముబాటలోనే నాలుగు చక్రములకును యంత్రబలమందు బండి యక్కఱకు వచ్చును. వెనుకచక్రములు బురదలో జారినను ముందరివి లాగును. థార్, జిమ్నీ బండ్లలో ఆ మీటను ఎండిన తారురోడ్డుపై వేయరాదు. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె నెక్కువ దూరము పోవలసియుండగా, రెంటిని నొక్కవేగమునకు బిగించినచో యంత్రభాగములు దెబ్బతినును. ఏటికి ఎన్నిదినములు ఆ మీట వేయుదుమో మొదట లెక్కింపవలెను.

1947లో విల్లీస్ జీపులను కూర్చుటకు పూనుకొన్న మహీంద్రావారిదే థార్. 2020 అక్టోబరులో వచ్చిన క్రొత్త థార్ తొలివెల 9.80 లక్షల రూపాయలు. మారుతీవారి జిమ్నీ 2023 జూనులో 12.74 లక్షలకును, ఫోర్సువారి అయిదు తలుపుల గూర్ఖా 2024లో 18 లక్షలకును వచ్చినవి. ఇవి దుకాణపు తొలివెలలు మాత్రమే. జీవితకాలపు పన్ను, భీమా వేరు.

ఇచ్చట నొక మెలిక కలదు. 2023 జనవరినుండి వెనుకచక్రములకు మాత్రమే బలమందు థార్ కూడ 9.99 లక్షలకు వచ్చినది. చూపునకు రెండును నొక్కటే. 2024 ఆగస్టులో వచ్చిన అయిదు తలుపుల థార్ రాక్స్ 12.99 లక్షలకని ప్రకటింపబడెను గాని, అది వెనుకచక్రముల పెట్రోలుబండి వెల. నాలుగు చక్రములది డీజిలులోనే, 2024లో 18.79 లక్షలనుండి యుండెను. పత్రికలోని వెల చూచి మురియువారు ఈ మాట గుర్తుంచుకొందురు గాక!

సౌకర్యమునకు వత్తము. మూడు తలుపుల థార్‌లో వెనుక కూర్చుండవలెనన్న ముందరి పీట వంచి దూరవలెను. చీర కట్టినవారికిది యెంత యవస్థయో పురుషులకు చెప్పిన నర్థము కాదు. జిమ్నీకి వెనుక తలుపులు కలవు, కాని నలుగురికే చోటు. పీటలన్నియు నిలిపినచో సామానులకు మిగులునది స్వల్పము. గూర్ఖాలో ఏడుగురు కూర్చుండవచ్చును. నేలనుండి బండియడుగునకు గల యెడము జిమ్నీకి 210, థార్‌కు 226, గూర్ఖాకు 233 మిల్లీమీటర్లు. గుంతలకు ఎత్తు మేలే, మోకాళ్ళనొప్పి గలవారికి కాదు.

తిరిగి అమ్మునప్పటి వెల మాటయేమి? థార్‌కై జనులు నెలలకొలది వేచియుండిన కాలమున పాతబండికిని మంచి ధర పలికెను. జిమ్నీ విషయము వేరు. 2023 డిసెంబరులోనే 10.74 లక్షలనుండి దొరకుటచే, ఆఱు నెలల ముందు కొన్నవారి బండి వెల యింటిముంగిటనే తఱిగినది. గూర్ఖా కొనువారు కొలదిమంది.

పొలమునకు ట్రాక్టరు గల యింట జీపు వేడుకకే యని మా యభిప్రాయము. తప్పదన్నచో, పెద్దలున్న చిన్న సంసారమునకు పాత జిమ్నీయే మేలు. మొదటివాని నష్టము రెండవవానికి కలిసివచ్చును. కొనుటకు ముందు అడుగుభాగమున త్రుప్పు చూడవలెను. మట్టినేలపై మీట వేయించి, ముందు చక్రములు నిజముగా లాగుచున్నవో లేదో పరీక్షించి, ఆ తరువాతనే బయానా యియ్యవలెను.