మీట నొక్కే ఎలుక, రీల్స్ తిప్పే వేలు

వేడి పెనం తగిలితే చెయ్యి వెనక్కి లాగేది వెన్నుపాము. నొప్పి కబురు మెదడుకు చేరేది ఆ తర్వాతే. అది రిఫ్లెక్స్. టైమ్ చూద్దామని ఫోన్ తీయడం లక్ష్యంతో చేసే పని. టైమ్ చూడకుండానే రీల్స్‌లోకి వెళ్లిపోతే? అలవాటు.

దాని బలమేంటో 1980ల కేంబ్రిడ్జ్ ప్రయోగాలు చదివాకే నాకు అర్థమైంది. మీట నొక్కితే తీపి గుళిక వస్తుందని ఎలుకలకు నేర్పారు. తర్వాత అది తింటే కడుపులో తిప్పేలా చేశారు. కొద్దిగా నేర్చినవి నొక్కడం తగ్గించాయి. బాగా అలవాటుపడినవి మాత్రం ఆ తీపి ఇష్టం లేకపోయినా నొక్కుతూనే ఉన్నాయి!

లక్ష్యాన్నీ అలవాటునీ నడిపేవి మెదడు లోతుల్లోని స్ట్రయేటమ్‌లో వేర్వేరు భాగాలు. అలవాటుకు ఫలితంతో పనిలేదు, మీట కనపడితే చాలు. అందుకే ఒట్లు పెట్టుకోకుండా, రాత్రిళ్లు ఫోన్‌ని పక్క గదిలో పెట్టేస్తున్నా.