బాల్ పైథాన్ పెంపకం: గని ప్రాంత వాసులు పాటించవలసిన నియమాలు, జాగ్రత్తలు

పట్టణాలలో విదేశీ సరీసృపాలను పెంచుకొను అభిరుచి ఇటీవలి కాలంలో వ్యాపించినది. వాటిలో ప్రముఖమైనది బాల్ పైథాన్ అను చిన్న జాతి కొండచిలువ. రామగుండం, గోదావరిఖని వంటి సింగరేణి బొగ్గు గని ప్రాంతాలలో దీనిని పెంచదలచినవారు ముందుగా మూడు విషయాలు గ్రహించవలసి ఉన్నది. దీనికి చట్టబద్ధమైన నమోదు అవసరం. ఇక్కడి వేసవి దీనికి ప్రాణాంతకం కాగలదు. పరిసరాలలో కనిపించే పాము ఏదైనప్పటికీ పెంపుడు జంతువు కాదు.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలకు చెందిన విషరహిత సర్పం. బెదిరినప్పుడు తలను మధ్యలో దాచుకొని బంతివలె చుట్టుకొనుట వలన దీనికి ఆ పేరు వచ్చినది. సాధారణంగా 3 నుండి 5 అడుగుల పొడవు పెరుగుతుంది. సరియైన పోషణ ఉన్నచో 20 నుండి 30 సంవత్సరాలు జీవిస్తుంది. మన ప్రాంతంలో నాగుల పంచమి నాడు పుట్టకు మొక్కినట్లే, బెనిన్ దేశంలోని విదా పట్టణంలో ఈ పాములకు ఆలయమే కలదు.

చట్టం ఏమి చెప్పుచున్నది?

ఈ జాతి అంతర్జాతీయ వన్యజీవి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో చేర్చబడినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన వన్యప్రాణి సంరక్షణ సవరణ చట్టం, 2022 ప్రకారం ఇట్టి జీవులను కలిగియున్నవారు ఆ వివరాలను ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేయించుకొనవలెను. ఇందుకై 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక నిబంధనలను జారీ చేసినది. దరఖాస్తును పరివేష్ పోర్టల్ ద్వారా సమర్పించవలెను. జంతువును ఇతరులకు బదిలీ చేసినను, అది పిల్లలను పొదిగినను, మరణించినను తెలియజేయవలసి ఉంటుంది. పత్రాలు లేని పామును ఎంత తక్కువ ధరకు లభించినను కొనరాదు.

వసతి

పెరిగిన పాముకు సుమారు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల పెట్టె అవసరం. గాలి ప్రసరించు రంధ్రాలు, గట్టి తాళం ఉండవలెను. ఏ చిన్న సందు ఉన్నను పాము తప్పించుకొనగలదు. అడుగున పాత వార్తాపత్రికలు గాని, కొబ్బరి పొట్టు గాని పరచవచ్చును. ఇరువైపులా పాము దాగుటకు ఒక్కొక్క గూడు, పాము మునుగుటకు వీలైన నీటి తొట్టి ఏర్పాటు చేయవలెను. ఒకవైపు 31 నుండి 33 డిగ్రీల సెల్సియస్, రెండవవైపు 25 నుండి 27 డిగ్రీల ఉష్ణోగ్రత ఉన్నచో, పాము తనకు అనువైన చోటును తానే ఎంచుకొంటుంది. పెట్టెను ఫినాయిలుతో కడుగరాదు. అది సరీసృపాలకు హానికరం. దోమల మందు పొగ సైతం పెట్టె దరికి చేరనీయరాదు.

వేసవిలో ప్రత్యేక శ్రద్ధ

శీతల దేశాలలో ఈ పాముకు వెచ్చదనం కల్పించుటే ప్రధాన సమస్య. రామగుండంలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఇక్కడ వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలు పలుమార్లు ఉన్నవి. రేకుల ఇళ్లలో వేడి మరింత అధికం. గది ఉష్ణోగ్రత 33 డిగ్రీలు దాటగానే హీటింగ్ ప్యాడ్‌ను ఆపివేసి, పెట్టెను ఇంటిలో అతి చల్లని గదికి మార్చవలెను. నీటిని దినమునకు రెండుసార్లు మార్చవలెను. కూలరు గాలి నేరుగా పెట్టెపై పడనీయరాదు. పాము నోరు తెరిచి ఆయాసపడినను, గూడు విడిచి నిరంతరం తిరుగాడినను వెంటనే పశువైద్యుని సంప్రదించవలెను. డిసెంబరు, జనవరి నెలల చలి రాత్రులలో మాత్రం థర్మోస్టాట్‌తో కూడిన హీటింగ్ ప్యాడ్ అవసరమగును.

ఆహారం

పాములు పాలు త్రాగవు. బాల్ పైథాన్ ఆహారం ఎలుకలే. పాము శరీరంలో అతి లావైన భాగమునకు మించని ఎలుకను, పిల్ల పాముకు వారమునకు ఒకసారి, పెద్ద పాముకు రెండు నుండి నాలుగు వారములకు ఒకసారి ఇచ్చిన చాలును. ఘనీభవింపజేసిన ఎలుకను గోరువెచ్చని నీటిలో కరిగించి పట్టకారుతో అందించుట ఉత్తమం. బ్రతికియున్న ఎలుక పామును కొరికి గాయపరచగలదు. క్వార్టర్లలో బోనుకు చిక్కిన ఎలుకలను, పందికొక్కులను ఎట్టి పరిస్థితులలోను పెట్టరాదు. అవి ఎలుకల మందు తిని ఉన్నచో, ఆ విషం పామును చంపగలదు. మేసిన పిదప రెండు దినములు పామును చేతబట్టరాదు. ఆరోగ్యవంతమైన పాము కొన్ని వారాలు, ఒక్కొక్కసారి నెలల పాటు మేత మానుట కలదు. బరువు తగ్గనంత వరకు ఆందోళన అవసరం లేదు. బలవంతంగా మేపరాదు.

సరీసృపాల ద్వారా సాల్మొనెల్లా క్రిములు వ్యాపించు అవకాశం కలదు. పామును తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఐదేళ్ల లోపు పిల్లలను దూరంగా ఉంచవలెను.

పరిసరాలలో పాము కనిపించినచో

ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి దిబ్బల పొదలలో గాని, క్వార్టర్ల పెరడులో గాని మచ్చలతో కూడిన లావు పాము కనిపించినచో, దానిని బాల్ పైథాన్‌గా భావించరాదు. అది దేశవాళీ కొండచిలువ కావచ్చును. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో గల ఈ జంతువును పట్టినను, చంపినను, ఇంట ఉంచుకొన్నను మూడు నుండి ఏడు సంవత్సరాల జైలు శిక్ష, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా విధించబడును. అది రక్తపింజర సైతం కావచ్చును. కొండచిలువ పిల్లకు, ప్రాణాంతక విషం గల రక్తపింజరకు మచ్చలలో పోలిక ఉన్నందున, అనుభవం లేనివారు గుర్తింపులో పొరబడు ప్రమాదం కలదు. దూరంగా ఉండి అటవీ శాఖకు సమాచారం అందించుటే క్షేమకరం. కాటు పడినచో మంత్రములు, నాటు వైద్యములతో కాలయాపన చేయక, తక్షణం ప్రభుత్వ ఆసుపత్రికి తరలించవలెను.

పోషించలేకపోయిన పామును గోదావరి తీరమున గాని, అడవిలో గాని విడిచిపెట్టరాదు. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపకందారుల నుండి బయటపడిన బర్మా కొండచిలువలు విస్తరించి, అక్కడి చిన్న జంతువులను తుడిచిపెట్టుచున్నవి. అట్టి సందర్భంలో అటవీ శాఖ అధికారులను సంప్రదించవలెను. ముప్పది ఏళ్ల బాధ్యతను స్వీకరించగలవారు మాత్రమే ఈ జీవిని ఇంటికి తెచ్చుకొనవలసినదిగా ప్రజలను కోరడమైనది.