గాలిమేడలు – చాపకూడు



మా పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు ఎక్కువ. ఆ బట్టీ కూలీల పిల్లలకు సాయంత్రంపూట చదువు చెబుతానంది మా పక్కింటి అమ్మాయి. "చోటు లేదు, పైసా రాబడి లేదు, నీవన్నీ గాలిమేడలే!" అని కసిరింది వాళ్లమ్మ. నిజం చెప్పొద్దూ, నేనూ నవ్వాను.

గాలిమేడ అంటే పునాది లేని మేడ. ఊహలో లేస్తుంది, ఊహలోనే కూలుతుంది. మంచి కోరి, లోకం తీరు చూసుకోకుండా దూకేవాళ్లను చెప్పడానికి ఇంగ్లీషులో 'క్విక్సాటిక్' అని వేరే మాట ఉంది. అది స్పెయిన్ దేశపు నవలనుంచి వచ్చింది. సెర్వాంటిస్ అనే ఆయన 1605లో ఒక భాగం, 1615లో రెండో భాగం వెలువరించాడు. అందులో నాయకుడు డాన్ క్విక్సోట్. వీరుల కథలు చదివి చదివి మతి చలించి, పాత కవచం తొడుక్కుని, బక్కగుర్రమెక్కి, దీనుల్ని కాపాడతానని బయల్దేరతాడు. గాలిమరలను చూసి రాక్షసులనుకుని ఈటెతో పొడవబోయి కిందపడతాడు. అవి మరలేనని నౌకరు సాంకో మొత్తుకున్నా వినడు.

ఆయన పేరే మాటయింది. అందులో ఎగతాళితోపాటు కాస్త గౌరవమూ ఉంది. ఎందుకంటే ఆయన కోరిక మంచిదే, చూపే తప్పింది. మన 'ఆదర్శం' అనే మాటకు సంస్కృతంలో అద్దమనీ అర్థం ఉంది. అద్దం ఉన్నదున్నట్టు చూపాలి కదా!

మన పల్నాటి సంగతే చూడండి. పన్నెండో శతాబ్దంలో మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని వీరగాథ చెబుతుంది. అదే చాపకూడు. తర్వాత కారంపూడి యుద్ధంలో వీరులెందరో రాలిపోయారు. అయినా ఏటా కార్తీకంలో జరిగే అక్కడి వీరుల ఉత్సవాల్లో చాపకూడు నేటికీ ఉంది. అదీ గాలిమేడే అన్నవాళ్లు ఆనాడూ ఉండే ఉంటారు. కాని ఆయన చాప పరిపించాడు, కూడు వండించాడు. గాలిమేడకు నేల అక్కర్లేదు, చాపకు కావాలి.

కనుక పిల్లలు పెద్దమాట అన్నప్పుడు వెంటనే కొట్టిపారెయ్యకండి. ఎక్కడ, ఎప్పుడు, ఎందరితో అని అడగండి. జవాబు ఉందంటే పునాది పడ్డట్టే.

నేనూ అలాగే అడిగాను. "రామాలయం అరుగుమీద, ఆరునుంచి ఏడుదాకా. ప్రస్తుతానికి నలుగురు పిల్లలు పిన్నిగారూ. ఓ చాప ఇస్తారా?" అంది.

ఇచ్చాను. సెలవు.