నొప్పి లేదని ఊరుకోకండి

మీ ఇంట్లో అమ్మకో, అక్కకో రొమ్ములో గడ్డ తగిలిందా? "నొప్పి లేదుగా, చూద్దాంలే" అనకండి. రొమ్ము క్యాన్సరు గడ్డకు మొదట్లో సాధారణంగా నొప్పి ఉండదు. అక్కడే చాలామంది మోసపోతారు. చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా అంతే. సిగ్గుతో ఆమె చెప్పకపోవచ్చు, మీరే అడగండి.

గడ్డలన్నీ క్యాన్సరు కావు, ఎక్కువ శాతం మామూలువే. తేల్చేది మాత్రం పరీక్షే. మామోగ్రామ్ చేసి, సూదితో చిన్న ముక్క తీసి చూస్తారు. సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్న మాట నమ్మి నెలలు పోగొట్టుకోకండి. గడ్డ చిన్నగా ఉండగానే వస్తే చాలామందికి రొమ్ము మొత్తం తీయనవసరం ఉండదు.

కీమోథెరపీతో రాలిన జుట్టు సాధారణంగా మళ్ళీ వస్తుంది. ఆపరేషన్ అయ్యాక చేయి పట్టేయకుండా డాక్టరు చెప్పిన వ్యాయామాలు రోజూ చేయించండి. నీళ్ళ బిందె మాత్రం కొన్నాళ్ళు మీరే ఎత్తండి.