మగ్గాల హోరులో విన్న మాట

తపతీ తీరాన వెలసిన సూరత్ నగరం పేరు చెప్పగానే వజ్రాలు, జరీ, పట్టును తలదన్నే కృత్రిమ నూలు చీరలు జ్ఞప్తికి వస్తాయి. ఇక్కడికి బదిలీపై వచ్చిన తెలుగు ఉద్యోగులు ముందుగా ఉత్తరాలలో రాసేది వాటిని గురించే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది వాటిని గురించి కాదు. మన కార్యాలయంలో లెక్కల విభాగంలో పనిచేసే ఒక మిత్రుని గురించి, లింబాయత్‌లో మరమగ్గం నడిపే ఒక నేత కార్మికుని గురించి, వారిద్దరి ఎదుట మేము తలవంచుకోవలసి వచ్చిన ఒక ఆదివారాన్ని గురించి.

మా మిత్రులు శ్రీకాకుళం జిల్లావారు. రెండవ యేట పోలియో సోకి ఎడమకాలు చచ్చుబడింది. ఇనుప పట్టీల బూటు, చేతికర్ర ఆయనకు చిరకాల సహచరులు. సి, డి తరగతుల ఉద్యోగాలలో 3 శాతం వికలాంగులకు కేటాయిస్తూ కేంద్ర ప్రభుత్వం 1977లో ఇచ్చిన ఉత్తర్వుల ఆధారంగా గుమాస్తాగా చేరి, శాఖాపరమైన పరీక్షలన్నీ గట్టెక్కి అధికారి స్థాయికి వచ్చారు. మనదేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ప్రాంతాన్ని పోలియో రహితమని ధ్రువీకరించింది. ఆ వ్యాధి పోయింది గాని, అది తాకి వదిలిన తరం ఇంకా ఉద్యోగాలలో ఉన్నది, పదవీ విరమణకు చేరువలో ఉన్నది.

మన కాలనీ తెలుగువారు ఉగాది వేడుకలకు లింబాయత్ నేత కుటుంబాల పిల్లలను ఆహ్వానించాలని నిశ్చయించారు. ఆ పిలుపు అందించే పని మాకూ ఆయనకూ అప్పగించారు. ఆదివారం ఉదయం ఇద్దరమూ బయలుదేరాము.

సూరత్‌లో ప్రత్యేక మార్గాలపై నడిచే బి.ఆర్.టి.ఎస్. బస్సులు 2014లో మొదలయ్యాయి. వేదిక ఎత్తు, బస్సు నేల ఎత్తు సమానంగా ఉంటాయి. మెట్టెక్కే పని లేదు. ఈ ఏర్పాటును మెచ్చుకోవలసిందే. అయితే వేదికలు రహదారి నడిమధ్యన ఉంటాయి. అక్కడికి చేరాలంటే ఆగని వాహనాల వరుసను దాటాలి. మా మిత్రులు దాటుతుండగా ఒక యువకుడు పరుగున వచ్చి, చెప్పాపెట్టకుండా ఆయన కర్ర ఉన్న చేతిని పట్టుకొని లాగాడు. సదుద్దేశమే. కాని కర్ర చేయి పట్టుకుంటే మనిషి పడిపోతాడు. అడిగి ఉంటే రెండవ చేయి అందించేవారు.

ఉధ్నా దర్వాజా దగ్గర తేనీటి దుకాణంలో కూర్చున్నాము. దుకాణదారు మావైపు తిరిగి, "ఆయనకు చక్కెర వేయవచ్చునా?" అని హిందీలో అడిగాడు. చచ్చుబడినది కాలు గాని నాలుక కాదు. మిత్రులు సౌమ్యంగా, "వేయవచ్చు, రెండు చెంచాలు" అని తామే జవాబిచ్చారు. ఆ తరువాత ఒక గుడి ముందు ఆగాము. మెట్లు ఎత్తుగా ఉండడంతో ఆయన కిందనే, నీడపట్టున నిలుచున్నారు. మేము దర్శనం చేసుకొని దిగి వచ్చేసరికి ఆయన అరచేతిలో పది రూపాయల నాణెం ఉన్నది. ఒక వృద్ధురాలు పెట్టి, దండం పెట్టుకొని వెళ్లిపోయిందట. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం, చేతికి గడియారం, ఇవేవీ ఆమెకు కనబడలేదు. కర్ర ఒక్కటే కనబడింది.

"ముప్ఫయి ఏళ్ల సర్వీసులో టి.డి.ఎస్. కోత లేకుండా చేతికందిన సొమ్ము ఇదొక్కటేనండీ!" అని ఆయన నవ్వారు. మేమూ నవ్వాము. ఆయన ఆ నవ్వును ఎన్నేళ్లుగా సిద్ధంగా ఉంచుకున్నారో అప్పుడు మాకు తట్టలేదు.

అంగవైకల్యం లేని దేహమే మనిషికి కొలమానమని, మిగిలినవారు ఆ కొలతకు తక్కువైనవారని తలచే ధోరణికి ఆంగ్లంలో ఒక పేరున్నది. తెలుగులో దానికి పేరు స్థిరపడలేదు. అలవాటు మాత్రం మనకు బాగా ఉన్నది. చెవిటివాని ముందు శంఖమంటాము, గుడ్డెద్దు చేలో పడ్డట్టంటాము. ఊళ్లో మనిషిని వాని లోపంతోనే పిలుస్తాము. మన చలనచిత్రాలలో నత్తి, చెవుడు దశాబ్దాలపాటు నవ్వుకు సరుకయ్యాయి. సినిమాలలో వికలాంగుల చిత్రణపై 2024 జులైలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, వైకల్యాన్ని గేలిచేసే హాస్యం వేరు, దానిని అర్థం చేసుకొనే హాస్యం వేరు అని స్పష్టం చేసింది. మా మిత్రులు నాణెంపై వేసిన ఛలోక్తి రెండవ కోవలోనిది. దానికి మేము నవ్విన నవ్వు ఏ కోవలోనిదో చెప్పలేము.

దీనికి ఎదురుకొసన మరొక అలవాటున్నది, పొగడ్త. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ గారు అంధులు. పదవ తరగతి తరువాత సైన్సు చదవడానికి అనుమతి లేదంటే న్యాయస్థానానికి వెళ్లి సాధించుకున్నారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఆయనపై 2024లో హిందీ చిత్రం వచ్చింది. అందరమూ చూసి కళ్లు తుడుచుకున్నాము. ఆయన సాధన గొప్పదే, సందేహం లేదు. కాని ఒక విద్యార్థి సైన్సు చదవడానికి కోర్టు మెట్లెక్కవలసి రావడమేమిటన్న ప్రశ్న ఆ చప్పట్లలో కలిసిపోయింది.

లింబాయత్ రైలు పట్టాలకు తూర్పున ఉన్నది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుండి తరతరాలుగా వలసవచ్చిన పద్మశాలీ కుటుంబాలు అక్కడా, ఉధ్నాలోనూ విస్తారంగా స్థిరపడ్డాయి. వీరి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నెలకొల్పిందంటే ఆ సంఖ్యను ఊహించుకోవచ్చు. ఆ వీధులలో నడుస్తుంటే చప్పుడు చెవులతో గాక ఛాతీతో వినబడుతుంది.

ఆహ్వానం చెప్పవలసిన ఇళ్లలో ఒకటి సిరిసిల్ల ప్రాంతపు నేత కార్మికునిది. వయస్సు యాభై దాటింది, పదహారవ యేట మగ్గం పట్టారు. మేము చేతులు జోడించి విషయం చెప్పాము. ఆయన తల ఊపారు గాని, కళ్లు మా పెదవులమీదనే ఉన్నాయి. భార్య అందుకొని, "ఆయనకు ఇనవడదన్నా, నాతోని చెప్పుండ్రి" అన్నది. మేము వెంటనే ఆమెవైపు తిరిగి, ఆమెతోనే మాట్లాడసాగాము. ఆ రోజు ఉదయం తేనీటి దుకాణదారును మనసులో తప్పుపట్టినవారము మేమే!

మా మిత్రులు అలా చేయలేదు. కుర్చీ జరుపుకొని ఆయనకెదురుగా, వెలుతురు తమ ముఖంపై పడేటట్లు కూర్చొని, గొంతు పెంచకుండా, నిదానంగా మాట్లాడారు. ఆ కార్మికుడు ముప్పాతిక వంతు గ్రహించారు. కాసేపటికి తామే మాటలందుకున్నారు.

"షెడ్డుల ఉన్నంతసేపు అందరం చెవిటోళ్లమే సారూ. అక్కడ ఎవ్వరికి ఏం ఇనవడది. చేతులతోని, పెదిమెలతోని మాట్లాడుకుంటం. బైటికొస్తెనే నేనొక్కన్ని చెవిటోన్ని."

ఈ మాటను మేము వారం రోజులు మోసుకొని తిరిగాము. షెడ్డులో నూలు తెగితే ఒక సైగ, మేస్త్రీ వస్తే ఒక సైగ, టీకి ఒక సైగ. అందరికీ తెలిసిన భాష అది. అక్కడ ఆయన ఎవరికీ తీసిపోరు. గడప దాటగానే అదే మనిషి, అవే చెవులు, తక్కువవారవుతారు. బ్యాంకులో గుమాస్తా అరుస్తాడు, వెనుకనున్నవారు నవ్వుతారు. కిందటేడు కూతురి పెండ్లి మాటలనాడు, సంబంధం చెడిపోతుందన్న భయంతో బంధువులు ఆయనను వెనుక గదిలో ఉంచారట. "పిల్ల నాది సారూ. నన్ను లోపట కూసుండవెట్టిండ్రు" అన్నారు. భార్య తల వంచుకున్నది. మా మిత్రులు కర్రను ఒళ్లో పెట్టుకొని చాలాసేపు మౌనంగా ఉన్నారు.

ఈ చెవుడు స్వభావాన్ని తెలుసుకొనడం మన సిబ్బందికీ అవసరమే, మన కంప్రెసర్ గదులూ నిశ్శబ్దమైనవి కావు గనుక. నాడాతో నడిచే మగ్గాల షెడ్డులో ధ్వని 100 డెసిబెల్స్‌కు అటూ ఇటూ ఉంటుంది. నమూనా ఫ్యాక్టరీ నియమావళి ప్రకారం 90 డెసిబెల్స్ ధ్వనిలో ఎనిమిది గంటలు, 95లో నాలుగు గంటలు, 100లో రెండే గంటలు ఉండవచ్చు. మరమగ్గం పాళీ సాధారణంగా పన్నెండు గంటలు. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. మొదట పోయేది 4000 హెర్ట్జ్ దరిదాపుల్లోని హెచ్చు స్థాయి ధ్వనులు, అంటే స, త, క వంటి హల్లుల పదును. అచ్చులు వినబడుతూనే ఉంటాయి. కనుక మనిషికి మాట వినిపిస్తుంది, అర్థం కాదు. "వినబడి కూడా విననట్లు నటిస్తాడు" అన్న అపవాదు ఇక్కడినుండే పుడుతుంది. అరిస్తే అచ్చులు మాత్రమే పెరుగుతాయి, హల్లులు రావు. ఎదురుగా నిలిచి, నోరు కనబడేటట్లు నిదానంగా పలకడమే మేలు.

ధ్వనివల్ల కలిగే చెవుడును 1987 సవరణతో ఫ్యాక్టరీల చట్టం తప్పక తెలియజేయవలసిన వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. అయితే పదిమందికి లోపు పనివారున్న చిన్న షెడ్లు ఆ చట్టం వెలుపలనే ఉండిపోయాయి. 1923 నాటి నష్టపరిహార చట్టం దేహాన్ని పద్దులుగా విభజించింది. బొటనవేలు పోతే సంపాదనాశక్తిలో 30 శాతం నష్టం, ఒక చేతి నాలుగు వేళ్లు పోతే 50, సంపూర్ణ బధిరత్వానికి నూటికి నూరు. మా మిత్రులు లెక్కల మనిషి కనుక ఆ పట్టికను మాకు కంఠతా చెప్పారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ఉద్యోగాల కేటాయింపును 4 శాతానికి పెంచింది. కాని ఆ చట్టం లెక్కలో పాక్షిక బధిరునిగా పరిగణింపబడాలంటే రెండు చెవులలోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. 55 ఉన్నవారు చట్టానికి చెవిటివారు కారు. పెండ్లివారికి మాత్రం అవుతారు.

మన ఉద్యోగులకు ఉన్న రక్షణ ఎంతటిదో ఇక్కడ చెప్పుకోవాలి. సర్వీసులో ఉండగా వైకల్యం ప్రాప్తించినవారిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు అని 1995 చట్టపు 47వ సెక్షన్ చెప్పింది. 2016 చట్టమూ దానిని నిలిపింది. వర్ణాంధత్వం కారణంగా ఉద్యోగం కోల్పోయిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరికి తగిన మరొక ఉద్యోగం ఇవ్వవలసిందేనని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లింబాయత్ కార్మికునికి అలాంటి అండ ఏదీ లేదు. హాజరుపట్టీలో పేరున్నదో లేదో కూడా ఆయనకు తెలియదు.

చట్టం ఉన్నచోటనైనా అంతా సవ్యంగా ఉన్నదా? తిరుగు ప్రయాణంలో మా మిత్రులు ఒక సంగతి చెప్పారు. కొన్నేళ్ల కిందట నిల్వల తనిఖీకి యార్డుకు వెళ్లవలసిన అధికారుల జాబితా ఒకటి తయారైంది. అందులో ఆయన పేరు లేదు. మరుసటి యేడూ లేదు. పదోన్నతి ఇంటర్వ్యూలో, "క్షేత్రస్థాయి అనుభవం ఏమున్నది?" అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేకపోయింది. పదోన్నతి రాలేదు.

ఆ జాబితాలు రాసినది మేమే. ఎండలో, ఇసుకలో ఆయనను ఎందుకు ఇబ్బంది పెట్టాలని అనుకున్నాము. ఒక్కమాట ఆయనను అడగలేదు. దయ చూపామని అప్పట్లో ఇంట్లో చెప్పుకున్నట్లు కూడా గుర్తు. ఆ విషయం బస్సులోనే ఒప్పుకున్నాము. ఆయన కిటికీవైపు చూస్తూ, "తెలుసునండీ. సంతకం మీదే కదా" అన్నారు.

1994 సెప్టెంబరులో ఈ నగరాన్ని ప్లేగు భయం కుదిపివేసినప్పుడు లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. మరుసటి యేడు కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు గారి హయాములో, రెండేళ్లు తిరగకుండానే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల వరుసలోకి ఎక్కింది. వీధి ఊడ్చే వేళ, చెత్త వేసే చోటు మారాయి, జనం అలవాట్లు వాటి వెంట మారాయి. మన సందర్శకుల కౌంటరు అద్దానికి మాట దూరే రంధ్రం నడుము ఎత్తున ఉండడం, దాని వెనుక గుమాస్తా ముఖం కనబడకపోవడం అంతకంటె కష్టమైన సమస్య కాదని మా అభిప్రాయం. ఆ మేరకు ఒక నోట్ పెట్టాము. జవాబు రావలసి ఉన్నది.

ఈ యేటి తనిఖీ జాబితాలో మా మిత్రుని పేరు ఉన్నది, ఆయనను అడిగిన తరువాతనే చేర్చాము. యార్డులో జీపు లోపలిదాకా వెళ్లే దారి ఉన్నదని, ఇన్నేళ్లూ ఎవరూ వాడలేదని ఆయనే కనుగొన్నారు. తనిఖీ ఒక రోజు ముందే ముగిసింది.

ఉగాదినాడు లింబాయత్ నుండి పిల్లలతోపాటు ఆ కార్మికుడూ వచ్చారు. చెవి పరీక్షకు ప్రభుత్వ ఆసుపత్రిలో తేదీ దొరికింది. నష్టం చట్టం కోరినంత తేలితే, కాన్పూరులోని మన సోదర ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేసే వినికిడి యంత్రానికి ఉచిత పంపిణీ పథకం కింద దరఖాస్తు పెట్టాలి. మా మిత్రులు ఫారాలు నింపి ఉంచారు. వేదికపై లౌడ్‌స్పీకర్లు హోరెత్తుతుండగా, పచ్చడి పంచే వరుసలో మాకు ఒకరి మాట ఒకరికి వినబడలేదు. దూరం నుండి ఆ కార్మికుడు మావైపు చూసి, రెండు వేళ్లు పెదవులకు తాకించి, పిడికిలి తిప్పి ఏదో సైగ చేశారు. మాకు అర్థం కాలేదు. పక్కనున్న ఆయన కూతురు నవ్వి చెప్పింది: "టీ తాగుదమా అంటున్నడు, సార్."