జిరాక్సు కట్టలో ఒక ఇల్లు

ఇంటర్ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టాలంటే ముందు మీసేవకు వెళ్లాలి. ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం అక్కడ తీసుకోవాలి. ఆ తర్వాత జిరాక్సు షాపులో ఆధార్, రేషన్ కార్డు, పదో తరగతి మెమో, కాలేజీ బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. తండ్రి లేకపోతే మరణ ధ్రువపత్రం. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఆసుపత్రి కాగితాలు. చివర్లో ‘మీ కుటుంబ పరిస్థితి వివరించండి’ అని నాలుగు గీతల ఖాళీ. మేనత్తకు కూడా చెప్పని సంగతులు పదిహేడేళ్ల పిల్ల అక్కడ రాస్తుంది. ఆ కట్టంతా ఫోన్‌లో ఫొటోలు తీసి పంపితే, న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న ప్రవాస తెలుగు సంఘం ఎంపిక కమిటీ సభ్యుల వాట్సాప్‌లోకి, మెయిల్‌లోకి చేరుతుంది.

డబ్బు చూసుకోవడానికి సంఘంలో కోశాధికారి ఉంటారు. ఈ కాగితాలకూ అలా జవాబుదారీగా ఒకరు ఉండాలి.

ఎందుకో చెప్పడానికి బ్లాక్‌బాడ్ ఉదంతం చాలు. అమెరికాలోని దక్షిణ కరోలైనా కేంద్రంగా నడిచే ఈ కంపెనీ స్వచ్ఛంద సంస్థలకు, విశ్వవిద్యాలయాలకు, ఆసుపత్రులకు దాతల వివరాలు భద్రపరిచే సాఫ్ట్‌వేర్ అందిస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఒక ఖాతాదారు పాస్‌వర్డు వాడుకుని దొంగ ఒకడు అందులోకి చొరబడ్డాడు. మే నెల దాకా ఎవరూ పసిగట్టలేదు. 13 వేలకు పైగా సంస్థల సమాచారం వాడి చేతికి చిక్కింది. కంపెనీ 24 బిట్‌కాయిన్లు చెల్లించి, ఎత్తుకుపోయినదంతా చెరిపేస్తానన్న మాట తీసుకుంది. నిజంగా చెరిపాడో లేదో తేల్చుకునే దారి మాత్రం దానికి దొరకలేదు. బ్యాంకు వివరాలు, సోషల్ సెక్యూరిటీ నంబర్లు భద్రంగానే ఉన్నాయని జులైలో ప్రకటించింది. కొన్ని సంస్థల విషయంలో అవీ పోయాయని తర్వాత బయటపడింది. 2023లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థకు 30 లక్షల డాలర్లు, 49 రాష్ట్రాలకూ రాజధాని ప్రాంతానికీ కలిపి 4.95 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

ఈ కేసులో స్వచ్ఛంద సంస్థలన్నీ చదవాల్సిన భాగం జరిమానాల లెక్క కాదు. సేవలు మానుకుని వెళ్లిపోయిన పాత ఖాతాదారుల సమాచారాన్ని, అసలు ఖాతాదారులే కాని వారి వివరాలను కూడా ఆ కంపెనీ ఏళ్ల తరబడి అట్టిపెట్టుకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తప్పుపట్టింది. అవసరం తీరినదాన్ని తొలగించమని 2024లో ఆదేశించింది. లేని కాగితాన్ని ఏ దొంగా ఎత్తుకుపోలేడు గదా.

అయితే అన్నీ చెరిపేయడమూ కుదరదు. వ్యక్తులకు సాయం చేసే సంస్థ ఎవరికి ఇచ్చింది, వారి చిరునామా ఏమిటి, ఎంత ఇచ్చింది, దేనికి ఇచ్చింది, ఎలా ఎంపిక చేసింది, ఆ వ్యక్తికీ సంస్థ నిర్వాహకులకూ దాతలకూ చుట్టరికం ఉందా అన్న వివరాలు రాసి ఉంచాలని అమెరికా ఆదాయపు పన్ను శాఖ 1956లోనే చెప్పింది. బంధుప్రీతిని అడ్డుకునే మంచి నియమం అది. కానీ అది సాయం అందుకున్నవారి సంగతి. అందులో రేషన్ కార్డు జిరాక్సు ఊసు లేదు, ఎంపిక కాని పిల్లల ఆసుపత్రి కాగితాల ఊసూ లేదు. పది మందిని ఎంచుకున్న సంస్థ దగ్గర మూడు వందల ఇళ్ల గుట్టు మిగిలిపోతే ఆ 290 కట్టలను ఎందుకు దాచాలి? ఎంపిక ముగిశాక, అభ్యంతరాలకు ఇచ్చిన గడువూ దాటాక, వాటిని తొలగించడమే సబబు.

ఎంపికైనవారి కాగితాలకూ కానివారి కాగితాలకూ మధ్య ఉన్న ఈ తేడాను పరిశోధనలకు నిధులిచ్చే పెద్ద సంస్థలు ఎప్పుడో గుర్తించాయి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు నిధులు దక్కిన ప్రాజెక్టుల వివరాలను అందరికీ కనిపించేలా పెడతాయి. దక్కనివాటి పేర్లు బయటికి రావు. దరఖాస్తు చదివే నిపుణులు దాన్ని చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధ పరికరాల్లో పెట్టి అభిప్రాయం రాయించుకోకూడదని 2023 జూన్‌లో స్పష్టంగా నిషేధించాయి. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట వంద దరఖాస్తులు చదివే స్వచ్ఛంద కార్యకర్తకు ఆ ఆశ కలగడం సహజమే, అందుకే ఈ నిషేధం మన కమిటీలకూ అవసరం.

కొన్ని పనులు మరీ తేలిక. ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది; దరఖాస్తు ఫారంలో దాన్నే అడగవచ్చు. బ్యాంకు వివరాలు డబ్బు వేసేటప్పుడే కావాలి గనుక ఎంపికైనవారిని మాత్రమే అడిగితే సరిపోతుంది. కులం సంగతి మరింత ఆలోచించాల్సింది. భారత్‌లో వ్యక్తిగత సమాచార రక్షణపై 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదా బిల్లు కులాన్నీ తెగనూ సున్నితమైన సమాచారంగా లెక్కించింది. 2023లో వచ్చిన చట్టంలో ఆ విభజనే లేదు. చట్టం వదిలేసినంత మాత్రాన ఫారంలోని కులం గడి సున్నితత్వం తగ్గదు. రిజర్వు చేసిన ఉపకార వేతనమైతే అడగాలి, కాకపోతే ఆ గడి ఎందుకు?

ఇక ఫొటో. చెక్కు అందుకుంటున్న పిల్లల బొమ్మలు, కింద పేరు, ఊరు, ‘తండ్రిని కోల్పోయిన నిరుపేద విద్యార్థిని’ అన్న వాక్యం. సంఘాల సావనీరు సంచికల్లోనే అవి అచ్చవుతాయి. దాతకు భరోసా కలగాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ పిల్ల రేపు ఉద్యోగానికి వెళ్తుంది, పెళ్లి సంబంధం చూస్తారు, ఆ పేజీ మాత్రం ఎక్కడో తెరుచుకునే ఉంటుంది. అమెరికాలో స్వచ్ఛంద సంస్థలు ఏటా దాఖలు చేసే ఫారం 990లో కూడా స్థానికంగా సాయం పొందిన వ్యక్తుల పేర్లు ఉండవు; ఎంతమందికి, ఏ రకం సాయం, ఎంత మొత్తం అన్న లెక్కలే ఉంటాయి. ప్రభుత్వానికి అక్కర్లేని పేరు సావనీరుకు ఎందుకు?

భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకు అమల్లోకి వచ్చేలా గడువు పెట్టారు. పద్దెనిమిదేళ్లు నిండని వారి సమాచారం తీసుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతి ఉండాలి, ఆ సమ్మతిని నిర్ధారించుకోవాలి కూడా. తండ్రి లేని ఇంటర్ అమ్మాయి విషయంలో ఆ సంతకం అమ్మది. ఏ సమాచారం తీసుకుంటున్నారో, ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును ఇంగ్లిష్‌లోనైనా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు కల్పించాలని ఆ చట్టం అంటోంది. వాటిలో తెలుగు ఉంది. తెలుగు పేరు పెట్టుకున్న సంఘాల దరఖాస్తు ఫారాల్లో మాత్రం ఆ అమ్మ చదవగలిగిన పేజీ ఇంకా తయారు కావలసి ఉంది.