నీటికి తగ్గు జీన్స్ ప్యాంటు: ఎంచుట, నానబెట్టుట, ఉతుకుట

గుడ్డ మొదటిసారి నీళ్లలో పడగానే కురచగుట నేతవానికి క్రొత్త సంగతి కాదు. మగ్గముపై బిగువుగా లాగియుంచిన పడుగు, గుడ్డ కోసి దింపగానే కొంత సడలును. గంజి కడిగిపోయి, నూలు నీరు పీల్చి ఉబ్బినప్పుడు మిగిలిన బిగువు కూడ వదలి, ఒక పోగు మరియొక పోగు చుట్టు ఎక్కువ ఒంపు తిరుగును. ఆ ఒంపునకు కావలసిన నూలు గుడ్డ పొడవులోనుండియే రావలెను గనుక పొడవు తగ్గును. ఇంత చిన్న సంగతి తెలియని కొనుగోలుదారు "ఒక్క ఉతుకుకే మీ గుడ్డ పాడైనది" అని నేతవానిని నిందించును. ఆ మాట పడని నేత కుటుంబము మనలో అరుదు.

అయితే ఈ తగ్గుదలను దాచక, దానికి పేరు పెట్టి, ఎంత తగ్గునో ముందుగా చెప్పి, అదే గొప్పగా అమ్ముకొన్న సరుకు ఒకటి ఉన్నది. అది అమెరికా దేశపు ముడి డెనిమ్ జీన్స్ ప్యాంటు. దానిని అక్కడ "ష్రింక్ టు ఫిట్" అందురు. అనగా ముడుచుకొని ఒంటికి కుదురునది. మన పిల్లలు కూడ జీన్స్ తొడుగుచున్న ఈ కాలమున, దానిని ఎంచు తీరు, ఉతుకు తీరు తెలిసికొనుట ఇంటికి ఉపయోగము. అది అమ్ముడుపోయిన తీరు తెలిసికొనుట వృత్తికి ఉపయోగము.

గుడ్డ సంగతి

1873 మే 20న రీనో పట్టణపు దర్జీ జేకబ్ డేవిస్, శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లెవీ స్ట్రాస్ కంపెనీతో కలిసి, ప్యాంటు జేబుల మూలలకు లోహపు రివెట్లు బిగించు పద్ధతికి పేటెంటు పొందెను. గనులలో, పొలములలో పనిచేయువారికి చిరగని ప్యాంటు ఇచ్చుట దాని ఉద్దేశము. ఉత్తర కరొలైనా రాష్ట్రమున గ్రీన్స్‌బరోలో 1905లో మొదలైన వైట్ ఓక్ మిల్లు, లెవీస్ 501 ప్యాంట్లకు చిరకాలము గుడ్డ నేసి ఇచ్చి, 2017 చివర మూతపడినది.

డెనిమ్‌లో పడుగు నీలిరంగు నూలు, పేక తెల్ల నూలు. పడుగు పోగు మూడు పేకలకు పైగాను, ఒక పేకకు క్రిందుగాను పోవును. అందుచే ముఖము నీలముగాను వెనుక తెల్లగాను కనబడుచు, గుడ్డపై ఏటవాలు గీతలు తేలును. నీలిమందు నీటిలో కరగదు. తొట్టిలో దాని ఆమ్లజనిని తీసివేసి కరగించి, పడుగును ముంచి, గాలికి తీసి, మరల మరల ముంచుదురు. గాలి తగులగానే నీలము తిరిగి వచ్చును. రంగు నూలు పైపొరనే పట్టి, లోపలి పోగు తెల్లగానే మిగులును. రాపిడి తగిలిన మోకాళ్ల వద్ద, జేబుల వద్ద జీన్స్ తెల్లబారుటకు ఇదియే కారణము. ఒకనాడు కడప సీమ నీలిమందు విదేశములకు ఎగుమతి అగుచుండెను. 1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ కృత్రిమ నీలిని అమ్మకమునకు తెచ్చిన పిమ్మట ఆ సాగు సన్నగిల్లినది.

మూడు రకములు

కొనువాడు మొదట అడుగవలసినది ధర కాదు, ఈ మూడింటిలో ఏ రకమని.

మొదటిది, మగ్గము నుండి దిగిన గుడ్డను నీటికి తగ్గింపకయే కుట్టినది. ఇదియే అసలు "ష్రింక్ టు ఫిట్". ఇది నూటికి ఎనిమిది మొదలు పది వంతుల వరకు తగ్గవచ్చును.

రెండవది, ఉతకని ముడి గుడ్డయే అయినను, మిల్లులో ముందుగా తగ్గించినది. ఈ పద్ధతిని శాన్‌ఫర్డ్ క్లూయెట్ అను అమెరికను కనిపెట్టి 1930లో పేటెంటు పొందెను. అతని పేరనే "శాన్‌ఫరైజ్డ్" అను మాట వచ్చినది. తడిపిన గుడ్డను మందపాటి పట్టాపై నడిపించి, ఆ పట్టా ముడుచుకొనునప్పుడు గుడ్డ పొడవును కూడ దగ్గరకు నెట్టుదురు. తరువాత తగ్గునది స్వల్పమే.

మూడవది, కుట్టిన పిమ్మట కంపెనీవారే ఉతికి ఇచ్చునది. దుకాణములలో ఎక్కువగా కనబడునది ఇదియే. తొడిగి చూచి సరిపోయినది కొనుటయే.

మొదటి రెండు రకములు చేతికి అట్టవలె బిరుసుగా, ముదురు నీలముగా ఒకేరీతి ఉండును. కావున చూపును నమ్మక చీటీ చదువవలెను. రెండవ రకమును మొదటి రకమని తలచి పెద్ద కొలత తీసికొన్నచో ప్యాంటు ఎన్నటికిని కుదరదు.

కాలి లోపలి అంచు మడిచి చూచినచో కొన్నిట కుట్టుతో మూసిన కోత కాక, నేతలోనే వచ్చిన అంచు కనబడును. అది నాడె మగ్గముపై, ముప్పది అంగుళముల ప్రాంతపు పన్నాతో నేసిన గుడ్డకు గుర్తు. జపానులోని కొజిమా ప్రాంతమువారు ఇట్టి గుడ్డకు పేరు పొందిరి. పాత మగ్గముల నేతకు నేడు ఎక్కువ ధర పలుకుచున్నది. అయితే అంచు ఉన్నంత మాత్రమున గుడ్డ తగ్గునో తగ్గదో తెలియదు. ఆ రెండును వేరు సంగతులు.

కొలత లెక్క

మొదటి రకమున తగ్గుదల ముఖ్యముగా పొడవునకే. ఉతికిన పిమ్మట కాలి లోపలి పొడవు 30 అంగుళములు కావలెననుకొందము. నూటికి పది తగ్గునచో కొనవలసినది 33 అంగుళముల పైచిలుకు. కనుక 34 తీసికొనవలెను. నడుము ఇంతగా తగ్గదు, తగ్గినను తొడుగుచుండగా కొంత సాగును. కావున అక్కడ పెంపు తక్కువ చాలును. కంపెనీ చీటీలో కొలత చెప్పియున్నచో దానినే పాటించుట మేలు. రెండు నానుళ్లు అయినదాక కాలి అంచు కత్తిరింపరాదు.

ఏటవాలు నేతకు మరియొక గుణమున్నది. నీటిలో పడిన పిమ్మట కాలు మెలి తిరిగి, ప్రక్క కుట్టు ముందునకు రావచ్చును. ఇది కుట్టిన దర్జీ తప్పు కాదు, నేత స్వభావము. ఈ మెలికను మాన్పుటకే రాంగ్లర్ కంపెనీవారు 1964లో ఏటవాలును మధ్యమధ్య తిప్పివేయు నేతకు మారిరి.

మొదటి నానుడు

ప్యాంటును తిరగవేసి, గుండీలు పెట్టి, మడతలు లేకుండ తొట్టిలో పరచి, చేయి ఓర్చునంత వేడినీరు పోయవలెను. సబ్బు అక్కరలేదు. గుడ్డ పైకి తేలకుండ బరువు పెట్టి ముప్పావుగంట మొదలు గంటవరకు ఉంచవలెను. నీరు నీలమగును, గంజి దిగును. పిండక, ఎత్తి నీరు కారనిచ్చి, నడుము పట్టి నీడన వ్రేలాడదీయవలెను. నీటి వేడిమి ఎంత ఎక్కువైన తగ్గుదల అంత పూర్తిగా జరుగును. చన్నీట నానబెట్టి, ఇక తగ్గదని తలచినవానికి తరువాతి వేడినీటి ఉతుకు బుద్ధి చెప్పును.

1985లో బ్రిటన్‌లో వచ్చిన ఒక టెలివిజన్ ప్రకటనలో యువకుడు ప్యాంటు తొడిగికొనియే నీళ్ల తొట్టిలో పడుకొనును. అది చూచుటకు బాగుండును గాని, ఒళ్లంతయు నీలమగును. తొట్టిలో నానబెట్టినను ఫలమదియే.

ఉప్పు, వినిగర్ వేసినచో రంగు నిలుచునని అక్కడివారు చెప్పుదురు. మన ఇండ్లలోను క్రొత్త చీరను ఉప్పునీట ముంచుట కలదు. నీలి విషయమున ఇది పనిచేయదు. పోవునది నూలును సరిగా పట్టని పైపై రంగు. పట్టినదానికి ఉప్పుతో పనిలేదు.

తరువాతి ఉతుకులు

లెవీస్ కంపెనీ నాటి అధిపతి చిప్ బెర్గ్, తాను తొడిగిన జీన్స్ ఏడాదిగా ఉతకలేదని 2014లో ఒక సభలో చెప్పి అందరిని ఆశ్చర్యపరచెను. అంతకు ముందే 2011లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థి 15 నెలలు ఉతకక తొడిగిన ప్యాంటును పరీక్షించిరి. పిమ్మట ఉతికి 13 దినములు తొడిగి చూడగా, రెండుసార్లును సూక్ష్మజీవుల లెక్క ఇంచుమించు ఒకటియే. అయినను కెనడా చలి వేరు, మన ఎండ వేరు. చెమట పట్టి వాసన వచ్చినప్పుడు ఉతుకుటయే మర్యాద. మాటిమాటికి ఉతికినచో రంగు వేగముగా పోవునని మాత్రము తెలిసియుండిన చాలును.

ఉతుకునప్పుడు తిరగవేసి, వేరుగా, చన్నీట, మెత్తని సబ్బుతో ఉతుకవలెను. బండపై బాదినచో మడతల వెంట తెల్లచారలు పడును. బ్లీచింగ్ నీరు నీలిని తినివేయును. ఎండ రంగును లాగును గనుక నీడన ఆరవేయవలెను. మొదటి నెలలలో తెల్లచొక్కాతో గాని తెల్లదుప్పటిపై గాని జాగ్రత్త.

మనకు దీనివలన ఏమి

ఈ ప్యాంటులో ఉన్న లోపములన్నియు మన గుడ్డలో ఉన్నవే: నీటికి తగ్గుట, రంగు వదలుట, మొదట బిరుసుగా ఉండుట. భేదము ఒక్క చీటీలోనే ఉన్నది. అచ్చట అమ్మువాడు ముందుగా చెప్పెను. కొన్నవాడు తన చేతులతో నానబెట్టి, ఆ తగ్గుదలలో తానును పాలుపంచుకొని సంతోషించెను. 1960 ప్రాంతమున మన మద్రాసు గళ్ల గుడ్డ కూడ అమెరికాలో "రంగు వదలుటకు హామీ" అను మాటతోనే అమ్ముడుపోయినది. ముందు చెప్పిన గుణము తరువాత తప్పుగా ఎంచబడదు.

కాబట్టి చీర గాని, లుంగీ గాని, చొక్కా గుడ్డ గాని ఇల్లు దాటునప్పుడు నాలుగు ముక్కల చీటీ వెంట పోవలెను: నీటికి ఎంత తగ్గును, రంగు ఎన్ని ఉతుకులవరకు దిగును, ఏ నీట ఉతుకవలెను, ఎక్కడ ఆరవేయవలెను. చీటీ కొనువాని భాషలో ఉండవలెను. షోలాపురమున మరాఠీ, సేలమున తమిళము, బరంపురమున ఒడియా. అందులోని అంకె ఊహించి వ్రాయరాదు. తానులోనుండి ఒక గజము కోసి, కొలిచి, తడిపి, ఆరబెట్టి, మరల కొలిచినచో ఎంత తగ్గినదో తేలును. ఒక గజము గుడ్డ ఖర్చుతో తాను అంతటికి మాట దక్కును. ఈ పని ప్రతి ఇంటను ఈ నెలలోనే మొదలగునుగాక.